పింగాణీ లేసు నర్తకులు: కొన్నేళ్ల సావాసం తర్వాత

జర్మనీలోని డ్రెస్డెన్ నగరం పేరుతో పిలిచే పింగాణీ లేసు బాలే నర్తకి బొమ్మల్లో నన్ను కట్టిపడేసింది ఆ గౌను. నిజమైన నూలు లేసును పల్చటి పింగాణీ ద్రవంలో ముంచి, తడి ఆరకముందే బొమ్మ నడుము చుట్టూ కుచ్చులు పెడతారు. బట్టీలో దారం కాలిపోయి, దానికి పట్టిన పింగాణీ పొర మాత్రం మిగులుతుంది. వెనక దీపం పెడితే ఆ కుచ్చుల నీడ గోడ మీద వలలా పరుచుకుంటుంది. ఇన్నేళ్లయినా ఆ నీడ పడితే చేతిలో పని ఆపి చూస్తాను.

పేరు డ్రెస్డెన్‌దే అయినా వీటిలో చాలావరకు జర్మనీలోనే ఉన్న తురింగియా రాష్ట్రంలోని ఫోల్క్‌స్టెట్ వంటి చోట్ల తయారైనవే. పురాతనమంటూ అమ్మేవాటిలో 1950ల నాటివీ బోలెడు. వాటి అందానికి వంక పెట్టను, ధరకు మాత్రం పెడతాను.

ఇక నా కడుపుమంట సంగతి. వంగి చెప్పు రిబ్బను కట్టుకుంటున్న నర్తకి బొమ్మను ఆన్‌లైన్ వేలంలో కొన్నాను. గౌనుకు ఏదీ ఒత్తుకోకూడదనీ, టిష్యూ కాగితం వదులుగా నింపిన పెట్టెను ఇంకో పెద్ద పెట్టెలో పెట్టాలనీ అమ్మిన ఆయనకు ముందే వివరంగా రాశాను. ఆయన బబుల్ షీటును సరిగ్గా గౌను చుట్టూనే బిగించి, టేపు వేసి పంపారు. పార్సిల్ ఎత్తగానే లోపల ఇసుక జారిన చప్పుడు. ముందువైపు కుచ్చులు పొడి పొడి అయిపోయాయి. అడిగితే, ‘ఇంత పాత లేసుకు కొంత అరుగుదల సహజం’ అని జవాబు! పాత విరుపైతే అంచుల్లో దుమ్ము దిగి మట్టిరంగుకు తిరుగుతుంది. ఇవి తెల్లగా, వేలికి గుచ్చుకునేంత పదునుగా ఉన్నాయి. దగ్గరగా తీసిన ఫొటోలు పంపాకే కొంత డబ్బు వెనక్కి వచ్చింది.

ఆ ముక్కలను భూతద్దం కింద పెట్టినప్పుడు మాత్రం ఒళ్లు జలదరించింది. విరిగిన పోగు చివర వెంట్రుకంత రంధ్రం. దారం కాలిపోయిన చోటు అది. ఎవరో అల్లిన లేసు దారి మొత్తం ఆ పింగాణీ లోపల ఖాళీగా నిలిచి ఉంది. ఆ ముక్కలను ఇప్పటికీ చిన్న డబ్బాలో దాచుకున్నాను.

లేసు పోయాకే మిగతా బొమ్మను తేరిపార చూశాను. ముఖం ముద్దుగా ఉంది, కానీ మునివేళ్ల మీద ఒంటి బరువు ఆనినట్టే లేదు. నా దగ్గరున్న మరికొన్నింటిలోనూ నాట్యమంతా గౌనులోనే ఉంది. దీనికి భిన్నంగా, దియాగిలెవ్ నడిపిన రష్యన్ బాలే బృందం ప్రదర్శించిన ‘కార్నవాల్’ నృత్యనాటకం పాత్రలను 1910లలో శిల్పి పౌల్ షోయిరిష్ జర్మనీలోని మైసెన్ పింగాణీ కార్ఖానా కోసం బొమ్మలుగా మలిచాడు. వాటిలో నడుము తిరిగిన తీరే నాట్యం. వాటి ధర నాకు అందదు, అది వేరే మాట.

మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు, అద్దాల బీరువా ఉంది. ఉండేది డ్రెస్డెన్‌లోనే కాబట్టి శనివారం ఎల్బే నది ఒడ్డు సంతలో బొమ్మను దీపానికెత్తి చూసుకుని, ఒళ్లో పెట్టుకుని ట్రాములో తెచ్చుకోగలను. ఈ వీలున్నంతకాలం కొంటూనే ఉంటాను. పార్సిల్ మీదే ఆధారపడేవారైతే గౌను అంచుకు మాత్రమే లేసు ఉన్న బొమ్మను చూసుకోండి. దుమ్ము దులపడానికి మెత్తటి రంగుల కుంచె చాలు. గుడ్డ మాత్రం దగ్గరికి రానివ్వకండి, పోగు తగులుకుంటే కుచ్చు ఊడి వస్తుంది.