అనంతపురం ఎండల్లో ఈ వాటర్ బాత్ ఎంతవరకు పనికొస్తుంది?

వాటర్ బాత్ అంటే ట్యూబులను ముంచి, పెట్టిన వేడి దగ్గర నిలిపి ఉంచే నీళ్ల తొట్టి. ఇది 12 లీటర్ల స్టీలు తొట్టి, డిజిటల్ కంట్రోలర్, పైన రింగుల మూత. ధర 14,500 రూపాయలు. అనంతపురంలోనే, ల్యాబ్ సామాను అమ్మే అంగడిలో తీసుకున్నాం. పాలిమర్ (చిన్న ముక్కలు వరసగా అతికిన పొడుగాటి గొలుసు అణువు) ద్రావణం రెండు పొరలుగా విడిపోవడం ఎమ్మెస్సీ పిల్లలకు కళ్లారా చూపించాలని కొన్నాం. ఆ పనిలో సగానికి ఇది బాగా పనికొస్తుంది. మిగతా సగానికి మన ఊళ్లో ఎనిమిది నెలలు పనికిరాదు.

ముందు బాగున్నది. హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ అనే పాలిమర్‌ను చల్లటి నీళ్లలో కరిగిస్తే అద్దంలా తేటగా ఉంటుంది. 40 డిగ్రీలు దాటి వేడి చేస్తూ పోతే కాసేపట్లో ట్యూబు తెల్లబడుతుంది, చల్లారిస్తే మళ్లీ తేటపడుతుంది. వేడెక్కితే కరగడం మాని విడిపోయే రకం ఇది. ఉప్పు కొంచెం కలిపితే ఇంకా తక్కువ వేడికే తెల్లబడుతుంది. ఇలాంటివాటికి ఈ బాత్‌ను వంక పెట్టలేం. 45 పెడితే 45 దగ్గర నిలబడుతుంది, కాంటాక్ట్ థర్మామీటరుతో సరిచూసుకున్నాం.

చిక్కంతా దీంట్లో హీటర్ తప్ప కూలింగ్ లేకపోవడం. మే నెలలో మా ల్యాబ్‌లో ట్యాంకు నీళ్లే 34, 35 ఉంటాయి. ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్ పాలిమర్ నీళ్లలో 32 దగ్గర విడిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెడితే చాలు, స్విచ్ వేయకముందే ట్యూబు పాలలా మారిపోతుంది. ఆ మార్పు సరిగ్గా ఎక్కడ మొదలైందో కొలవాలంటే 28 నుంచి మెల్లగా ఎక్కించాలి. ఆ 28కి ఈ బాత్ దిగదు.

పాలిస్టైరీన్, సైక్లోహెక్సేన్ జంట దీనికి తిరగబడి ఉంటుంది: వేడిలో కలిసి ఉంటుంది, చల్లబడితే విడిపోతుంది. దాని థీటా ఉష్ణోగ్రత, అంటే ఎంత పొడుగు గొలుసుకైనా విడిపోయే వేడికి పై హద్దు, 34.5 దగ్గర. గొలుసు పొడవు పెరిగేకొద్దీ విడిపోయే వేడి ఆ హద్దుకు చేరువవుతుంది, దాటదు. అంటే వేసవిలో అనంతపురం గదిలో ఆ ట్యూబు ఎన్నిరోజులున్నా ఒకే పొర. డిసెంబర్, జనవరిల్లో అయితే కిటికీ దగ్గర పెడితే చాలు, విడిపోతుంది. నా సలహా అడిగితే ఈ ప్రయోగాన్ని టైంటేబుల్లో చలికాలానికి జరపండి.

నాకు ఇష్టమైన భాగం క్రిటికల్ పాయింట్, అంటే రెండు పొరల మధ్య తేడా పూర్తిగా చెరిగిపోయే చోటు. మామూలు ద్రవాలు రెండు కలిపితే అది సగం సగం దగ్గర్లో ఉంటుంది. పాలిమర్‌కు అలా కాదు. ఫ్లోరీ, హగ్గిన్స్ అనే శాస్త్రవేత్తలు 1940ల మొదట్లో వేసిన లెక్క ప్రకారం గొలుసులో 10,000 ముక్కలుంటే క్రిటికల్ గాఢత వందకు ఒక వంతే. పాలిస్టైరీన్, సైక్లోహెక్సేన్‌తో అలాంటి పలచటి ద్రావణం చేసి సీల్ చేసిన గాజు ట్యూబులో మెల్లగా చల్లారిస్తే, విడిపోకముందే లోపల నీలి ఛాయ కనబడుతుంది. వెనక నల్ల కాగితం పెట్టి పక్కనుంచి టార్చి వేస్తే స్పష్టంగా తెలుస్తుంది. అణువుల గుంపులు దట్టంగా, పలచగా మారుతూ వెలుగు తరంగాల పొడవు దాకా పెరగడం వల్ల కాంతి చెదిరిపోతుంది. ఇంకాస్త చల్లబడితే మబ్బులా తెలుపు, ఆ తర్వాత నడుమ సన్నటి గీత. ఆ గీత అంచున కాకుండా నడుమ పుట్టిందంటే గాఢత సరిగ్గా కుదిరినట్టు. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఇది చూడాలంటే వేడి అన్ని మూలలా సమానంగా ఉండాలి. ఇక్కడే రెండో లోపం: బాత్‌లో నీళ్లు తిప్పే మోటర్ లేదు. డిస్‌ప్లేలో 30.0 ఉన్నప్పుడు హీటర్ పక్కన, ఎదుటి మూలన అర డిగ్రీకి పైనే తేడా వచ్చింది. చేపల తొట్టిలో వాడే చిన్న మోటర్ ముంచితే తేడా చాలా తగ్గింది. కొలతల పట్టింపు లేకుండా గీత చూడటానికి అది చాలు. కానీ రెండు పొరల గాఢతల తేడా క్రిటికల్ పాయింట్ దగ్గర ఎలా కుంచించుకుపోతుందో కొలిచి, గాఢతలోని హెచ్చుతగ్గులను వదిలేసి సగటు తీసుకునే పాత సిద్ధాంతం చెప్పే 0.5 ఘాతమా, వాటిని లెక్కలోకి తీసుకుంటే వచ్చే 0.326 దగ్గరి విలువా అని తేల్చాలంటే డిగ్రీలో వెయ్యో వంతు నిలకడ కావాలి. దానికి ఈ ధరలో వచ్చే ఏ బాత్ మీదా ఆశ పెట్టుకోవద్దు.

"కూలింగ్ కావాలంటే సర్క్యులేటర్ తీసుకోండి మేడమ్, దాని రేటు వేరే" అని అంగడాయన ముందే చెప్పారు. అంటగట్టాలని చూడలేదు, అది మెచ్చుకోవాలి. బడ్జెట్ లేనివాళ్లు రాగి గొట్టం చుట్ట చేసి తొట్టిలో దించి, అందులో ఐసు నీళ్లు తిప్పండి. ఎండాకాలంలోనూ 25 దాకా దిగుతుంది.

ప్యాకింగ్ థర్మోకోల్ కూడా పాలిస్టైరీనే కదా అని దాన్నే కరిగించేవాళ్లున్నారు. విడిపోవడం చూపించడానికి పరవాలేదు. కానీ అందులో పొట్టి, పొడుగు గొలుసులు కలగలిసి ఉంటాయి. పొడుగువి ముందు దట్టమైన పొరలోకి జారతాయి, క్రిటికల్ పాయింట్ మబ్బు గీత (ఏ గాఢతకు ఎంత వేడి దగ్గర ట్యూబు మబ్బు పడుతుందో చూపే గ్రాఫ్) శిఖరం మీద ఉండదు. కొలతలకు ఒకే సైజు గొలుసుల శాంపిల్ కొనాల్సిందే. సైక్లోహెక్సేన్‌కు నిప్పు ఇట్టే అంటుకుంటుంది, సీల్ చేయని ట్యూబు బాత్‌లో పెట్టనివ్వకండి.

మన బోరు నీళ్లు పోస్తే హీటర్ మీద తెల్లటి గార కడుతుంది, డిస్టిల్డ్ వాటరే వాడండి. నీళ్లు తగ్గితే హీటర్ దానంతటదే ఆగే ఏర్పాటు ఇందులో లేదు. రాత్రి ఆన్‌లో పెట్టి ఇంటికి వెళ్లొద్దు.