ఆఫీసు కార్పెట్ కడిగించడం: ఆరేళ్లు, ముగ్గురు కాంట్రాక్టర్లు

మాదాపూర్‌లోని మా ఆఫీసులో కార్పెట్ పరిచిన జాగా 12,000 చదరపు అడుగులు. బూడిద రంగు నైలాన్, పొడవూ వెడల్పూ 50 సెంటీమీటర్లు ఉండే టైల్స్. అడ్మిన్ నాదే కాబట్టి దాన్ని కడిగించే పని 2019 నుంచి నా నెత్తినే ఉంది. ఇన్నేళ్లలో ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు. పేర్లు రాయను. ఎవరిని పిలిచామన్నదాని కంటే ఏ పద్ధతిలో కడిగారన్నదే లెక్క అని నాకు మూడోవాళ్లు వచ్చాక గానీ తెలియలేదు.

మొదటివాళ్లది షాంపూ వాష్. గుండ్రటి బ్రష్ తిరిగే సింగిల్ డిస్క్ మెషీన్, బకెట్ నిండా నురగ, వెనకాల తడి లాగే వ్యాక్యూమ్ పట్టుకుని ఒక కుర్రాడు. శనివారం రాత్రి మొదలుపెట్టి తెల్లారేసరికి ముగించేశారు. సోమవారం వచ్చి చూస్తే కొత్తది పరిచినట్టుంది. మా ఎండీ గారు లిఫ్ట్ దగ్గరే ఆగి "బాగా చేయించావయ్యా" అన్నారు. ఆ మెచ్చుకోలు మూడు వారాలు కూడా నిలవలేదు. లిఫ్ట్ నుంచి పాంట్రీకి వెళ్లే దారి, ప్రింటర్ ముందు జాగా, కడగకముందు కంటే నల్లబడ్డాయి.

కాంట్రాక్టర్‌ని అడిగితే "మీ ఏరియాలో దుమ్ము ఎక్కువ సార్" అన్నాడు. అదీ నిజమే. మా వెనక వీధిలో బండ కొట్టడం, టవర్లు లేపడం ఆరేళ్లుగా ఆగింది లేదు. అయినా అనుమానం పోక, ఒక సాయంత్రం అందరూ వెళ్లాక నల్లబడిన టైల్ మీద కాసిని మంచినీళ్లు పోసి అరచేత్తో రుద్దాను. నురగ వచ్చింది. కొంచెం కాదు, చెయ్యంతా తెల్లబడేంత.

తలకు షాంపూ పెట్టుకుని సరిగ్గా కడుక్కోకపోతే మర్నాటికి జుట్టు ఎలా జిడ్డు కడుతుందో, ఇదీ అంతే. పోగుల్లో మిగిలిన సబ్బు ఆరి జిగురవుతుంది, నడిచే ప్రతి చెప్పు కిందా ఉన్న దుమ్మును పట్టేసుకుంటుంది. అంటే మురికి త్వరగా అంటుకోవడానికి మేమే డబ్బు కట్టామన్నమాట: అడుగుకు 4 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 56,640. ఇప్పటికీ కొత్తగా ఎవరు కొటేషన్ పట్టుకొచ్చినా నేను ముందు చేయించే పరీక్ష ఇదే. వాళ్లు డెమోకి కడిగిన ముక్క ఆరాక నీళ్లు పోసి రుద్దుతాను. నురగొస్తే టీ ఇచ్చి పంపించేస్తాను.

2020 మార్చిలో తాళం వేసిన ఆఫీసును మళ్లీ తెరిచినప్పుడు లోపలంతా పాత బియ్యం డబ్బా తెరిచినట్టు ముక్కిన వాసన. అప్పుడు రెండోవాళ్లను పిలిచాం. వాళ్లు "స్టీమ్ క్లీనింగ్" అన్నారు గానీ అందులో ఆవిరేమీ ఉండదు. వేడినీళ్లలో మందు కలిపి కార్పెట్‌లోకి చిమ్మడం, ఆ వెంటనే అదే గొట్టంతో వెనక్కి లాగేయడం. కార్చర్ వాళ్ల పుజ్జి అనే యంత్రాలు రెండు తెచ్చారు. పది లీటర్ల ట్యాంకు. కుర్రాళ్లు దాన్ని బుజ్జి అనేవారు, "అన్నా, బుజ్జికి నీళ్లు పట్టు" అని రాత్రంతా ఒకటే అరుపులు. మొదటి ట్యాంకు ఖాళీ చేసినప్పుడు వచ్చిన నీళ్లు చూసి నాకు కాస్త సిగ్గేసింది. ఏడాదికోసారి కడిగిస్తున్నామనుకున్న కార్పెట్‌లోంచి డికాషన్ రంగు నీళ్లు.

పని మంచిదే. ఇబ్బందంతా తడితో వచ్చింది. మా బిల్డింగ్‌లో శనివారం మధ్యాహ్నం తర్వాత సెంట్రల్ ఏసీ ఉండదు, కావాలంటే గంటల లెక్కన వేరే బిల్లు. ఆ ఖర్చు మిగిలింది కదా అనుకున్నాను. జులై నెల, బయట ముసురు, కిటికీలు తెరుచుకోని అద్దాల బిల్డింగ్. సోమవారం ఉదయానికి కూడా పాదం పెడితే చెమ్మ తెలుస్తోంది. ముక్కిన వాసన పోగొట్టమని పిలిస్తే అదే వాసన తిరిగొచ్చింది. పైగా ఒక ఫ్లోర్ బాక్స్‌లోకి, అంటే నేలలో ప్లగ్గులుండే డబ్బాలోకి, నీళ్లు దిగి ఒక వరుస డెస్కులకు కరెంటు పోయింది. మూత మీద టేప్ వేయమని నేను చెప్పలేదు, వాళ్లకు తోచలేదు.

ఇంకో వింత కూడా అప్పుడే చూశాం. పోయిందనుకున్న కాఫీ మరకలు ఆరేకొద్దీ ఒక్కొక్కటిగా పైకి తేలాయి. ప్రమిదలో వత్తి నూనెను పైకి లాగినట్టు, అడుగున ఉన్న మరకను తడి పోగుల వెంట పైకి తెస్తుంది. ఎంత తడిపితే అంత లోపలి నుంచి వస్తుంది. అందుకే ఇప్పుడు ఒకసారి చిమ్మితే రెండుసార్లు ఉత్త సక్షన్ కొట్టమని పనిలోనే రాయించుకుంటాను.

సాలన్ సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తి కాదు. ఎవరి బర్త్‌డేకో బిర్యానీ తెప్పించినప్పుడు మిర్చీకా సాలన్ కవరు మీటింగ్ రూమ్ బయట పగిలింది. నూనె, పసుపు, అన్నీ కలిసి పళ్లెమంత మరక. రెండోవాళ్ల సూపర్‌వైజర్ దాని మీద జిడ్డుకని క్షారం ఎక్కువున్న మందు కొట్టాడు. మేమిద్దరం చూస్తుండగానే పసుపు మరక ఎర్రబడింది. అంచుల నుంచి మొదలై నడిమికి పాకింది. అతను కంగారుగా ఇంకాస్త కొట్టాడు, ఇంకాస్త ఎర్రబడింది. పక్కనే డస్ట్‌బిన్లు తీస్తున్న మా హౌస్‌కీపింగ్ అక్క చూసి నవ్వింది. "కార్పెట్‌కు పారాణి పెడుతున్నరా సార్? పసుపుకు సున్నం తగిలితే ఎర్రగనే అయితది గదా. నిమ్మకాయ పిండుండ్రి." పాంట్రీలో నిమ్మకాయలున్నాయి. పిండితే మళ్లీ పసుపురంగుకు వచ్చింది. పోలేదు, అప్పటికి ఎరుపు మాత్రం దిగింది. ఆ టైల్ ఊడదీసి పడమటి కిటికీ కింద వేశాం, ఎండకు పసుపు వెలుస్తుందని.

టైల్స్ కార్పెట్‌లో ఉన్న సుఖం అదే, పాడైనది ఒక్కటీ లేపి మార్చుకోవచ్చు. బతుకమ్మ రోజు గునుగు పూలకద్దిన గులాబీ రంగు అంటుకున్న నాలుగు టైల్స్ ఏ మందుకూ లొంగలేదు, వాటిని బీరువాల కిందకి పంపి అక్కడివి బయటికి తెచ్చాం. స్టోర్‌లో కొత్తవి ఉన్నాయి గానీ వేస్తే పాత వాటి మధ్య అతుకులా కనిపిస్తాయి. టైల్ వెనక బాణం గుర్తుంటుంది, పరిచేటప్పుడు ఆ దిక్కు చూడాలి. చూడకుండా పరిచిన ఒక మూల ఈనాటికీ చదరంగం బల్లలా ఉంది.

మూడోవాళ్లు మూడేళ్లుగా ఉన్నారు. వీళ్లది నీళ్లు తక్కువ పద్ధతి, ఎన్‌క్యాప్సులేషన్ అంటారు. ముందు గంటలకొద్దీ పొడి వ్యాక్యూమ్ కొడతారు. తర్వాత మందు పలచగా చల్లి, రెండు బ్రష్‌లు ఎదురెదురుగా తిరిగే యంత్రంతో రుద్దుతారు. ఆ మందు ఆరితే జిగురు కాదు, పొడిపొడి పలుకులవుతుంది, మురికిని తనలో పట్టుకుని వ్యాక్యూమ్‌కి వచ్చేస్తుంది. రాత్రి పదింటికి చేస్తే పన్నెండుకు నడవొచ్చు. మొదటిసారి మర్నాడు వ్యాక్యూమ్ కొట్టడం మా వాళ్లు మరిచారు, ఫలితం సగమే కనిపించింది. మూడు నెలలకోసారి ఇది, ఏడాదికోసారి, దసరా అయ్యాక, వేడినీళ్ల పని. వర్షాకాలంలో వేడినీళ్ల జోలికి వెళ్లడం లేదు. ఏడాదికోసారి ఆ పనికి ఏసీ బిల్లు కట్టేస్తున్నాను.

ఖర్చు పెరిగిందా అంటే పెరిగింది. నడిచే దారి నల్లబడటం మాత్రం ఆగింది, అందులో సగం పేరు మా అక్కకే దక్కాలి. లిఫ్ట్ ముందు రోజూ రెండుసార్లు వ్యాక్యూమ్ కొడుతుంది, గుమ్మంలో పెద్ద మ్యాట్ వేయించింది కూడా ఆమే. పొడిగా ఉన్నప్పుడు పీల్చేసే దుమ్ము తడిసి బురదయ్యాక ఎవరూ పూర్తిగా తీయలేరు. మూడోవాళ్ల మీద నా ఫిర్యాదు ఒక్కటే, కుర్చీలు ఎక్కడివక్కడ పెట్టరు. ప్రతి మూడు నెలలకూ ఒక సోమవారం ఉదయమంతా నా కుర్చీ ఏదంటే నా కుర్చీ ఏదని గొడవ.

సాలన్ టైల్ ఏడాది తిరిగేసరికి దాదాపు తేరుకుంది, తెలిసిన కళ్లకు తప్ప కనిపించదు. మొన్న చూస్తే దాని మీద ఎవరో మనీప్లాంట్ కుండీ పెట్టారు. ఎత్తి చూశాను. కింద గుండ్రంగా నీళ్ల మరక.