స్కార్పియో-ఎన్ వెనక చిన్న ట్రైలర్ తగిలించి జయపురం నుంచి భీమిలి వెళ్లొచ్చాం

మొన్న డిసెంబరులో నాలుగు రోజులకు ఒక చిన్న ట్రావెల్ ట్రైలర్ అద్దెకు తీసుకుని, మా స్కార్పియో-ఎన్ వెనక తగిలించి, ఒడిశాలోని జయపురం నుంచి కోరాపుట్, సునాబెడ, పొట్టంగి, సుంకి ఘాట్ మీదుగా సాలూరు దిగి భీమిలి దాకా వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, పదేళ్ల పాప, మా నాన్న. వచ్చిన దగ్గర్నుంచి ఊళ్లో కనిపించిన ప్రతివాళ్లూ అడుగుతున్నది ఒకటే: బండి లాగిందా అని. లాగింది, బాగా లాగింది. కానీ అడగాల్సిన ప్రశ్న అది కాదని నాకు ఈ నాలుగు రోజుల్లో తెలిసింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు బండి సంగతి. మాది 2.2 లీటర్ల డీజిల్, ఆరు గేర్ల మాన్యువల్, 370 ఎన్ఎం టార్క్ ఉన్నది. లాడర్ ఛాసీ (నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం) మీద కట్టిన బండి కాబట్టి ట్రైలర్ తగిలించే టో బార్‌ను నేరుగా ఛాసీకే బోల్టులతో బిగించవచ్చు. బంపర్‌కో దాని వెనకున్న పల్చటి రేకుకో బిగిస్తానని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి. ట్రైలర్ ఒకే ఇరుసు ఉన్నది, రెండు పడకలు, ఒక చిన్న వంట గట్టు, వెనక వైపు అరవై లీటర్ల నీళ్ల ట్యాంకు. ప్లేటు మీద ఖాళీ బరువు 620 కిలోలు అని ఉంది. సామానంతా సర్ది, నీళ్లు నింపి, జయపురంలోనే ఒక రైస్ మిల్లు దగ్గర కాటా పెట్టిస్తే 810 వచ్చింది. మీ బండి ఎంత బరువు లాగొచ్చో ఓనర్స్ మాన్యువల్ చూసి లెక్క వేసుకోండి, అమ్మేవాళ్ల మాట మీద కాదు.

కోరాపుట్ ఎక్కడం అసలు కష్టంగానే అనిపించలేదు. మూడో గేరులో, మలుపుల దగ్గర రెండో గేరులో, నలభై దాటకుండా హాయిగా ఎక్కింది. మామూలుగా నాకు లీటరుకు పదమూడు ఇచ్చే బండి ఈ ప్రయాణం మొత్తం మీద తొమ్మిదికి కాస్త తక్కువ ఇచ్చింది. సెమిలిగుడ దాటాక పొగమంచు దట్టంగా ఉంటే ఒక గంట ఆగిపోయాం. ఆగి ట్రైలర్ లోపలే టీ పెట్టుకుని తాగడం, పాప పై పడక మీద దుప్పటి కప్పుకుని కిటికీలోంచి చూడటం, ఆ ఒక్క గంట కోసం ఇంకోసారి వెళ్లమన్నా వెళ్తాను.

అసలు పరీక్ష దిగేటప్పుడు. ఈ ట్రైలర్‌కు ఉన్నది ఓవర్‌రన్ బ్రేకు, అంటే కారు వేగం తగ్గినప్పుడు వెనక నుంచి ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది, ఆ తోపుకు కప్లర్ (ట్రైలర్ ముందు కొసన కారుకు తగిలే భాగం) లోపలికి నొక్కుకుపోయి ట్రైలర్ చక్రాల బ్రేకు పడుతుంది. మనం విడిగా నొక్కేది ఏమీ లేదు. చదును రోడ్డు మీద చక్కగా పనిచేస్తుంది. ఘాట్‌లో మాత్రం దిగినంతసేపూ తోస్తూనే ఉంటుంది కాబట్టి ఆ బ్రేకులు రాసుకుంటూ వేడెక్కుతూనే ఉంటాయి. నేను మొదట మూడో గేరులో కాలు బ్రేకు మీదే పెట్టి దిగాను. నాలుగైదు మలుపులయ్యాయో లేదో కాలిన వాసన. పక్కకు తీసి ఆపి, ట్రైలర్ చక్రం దగ్గర చెయ్యి పెడితే జానెడు దూరంలోనే సెగ తగులుతోంది. అక్కడే ఆగి ఉన్న ఒక లారీ డ్రైవరన్న వచ్చి చూసి, "బాబూ, బ్రేకు మీద దిగకు, గేరు మీద దిగు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాల" అన్నాడు. చిన్నప్పట్నుంచీ వింటున్న మాటే, ఖాళీ కారుతో ఎన్నోసార్లు దిగిన ఘాటే, వెనక ఎనిమిది వందల కిలోలు ఉన్నప్పుడు ఆ మాట విలువ వేరు. అరగంట చల్లారనిచ్చి, రెండో గేరులో ముప్పై దాటకుండా, మధ్యలో ఇంకోసారి ఆగి దిగాం. మళ్లీ వాసన రాలేదు.

సుంకి దగ్గర చెక్ చేసి ట్రైలర్ ఆర్‌సీ విడిగా అడిగారు. ట్రైలర్‌కు సొంత రిజిస్ట్రేషన్, సొంత నంబరు ఉంటాయి, ఆ కాగితాలు అద్దెకు ఇచ్చేవాళ్ల దగ్గర నుంచి తప్పకుండా తీసుకోండి. మీ కారు ఇన్సూరెన్సు ట్రైలర్ లాగేటప్పుడు వర్తిస్తుందో లేదో కంపెనీని అడిగి, జవాబు రాతలో తెచ్చుకోండి.

ఇక సాలూరు దాటాక జరిగింది చెప్పాలి. రోడ్డు చదునుగా ఉంది కదా అని డెబ్బైకి వెళ్లాను. ఎదురుగా ఒక పెద్ద లారీ విసురుగా దాటింది, ఆ గాలికి ట్రైలర్ తోక ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగింది. రెండో ఊపు మొదటిదానికంటే పెద్దది. మూడోసారికి కారు వెనక భాగం కూడా కదులుతున్నట్టు సీటులో తెలిసిపోయింది. మా ఆవిడ పాపను గట్టిగా పట్టుకుంది. అప్పుడు చెయ్యాల్సింది స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద కాలు తియ్యడం, అంతే. గట్టిగా బ్రేకు కొట్టకూడదు, ఊపుకు ఎదురుగా స్టీరింగ్ తిప్పకూడదు. దానంతట అదే సర్దుకుంది గానీ ఆ పది సెకన్ల టెన్షన్ ఇప్పటికీ గుర్తొస్తోంది.

ఆపాక నాన్న దిగి ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆయన పాచిపెంట వైపు పల్లెలో పుట్టినవాడు, వయసులో ఎడ్లబండి తోలినవాడు. "బరువంతా వెనక పెట్టావురా. బండికి వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది, ఎద్దులకు నేల మీద పట్టుండదు" అన్నాడు. నేను కంపెనీ వీడియోలన్నీ చూసి నేర్చుకున్నది ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు. కారు టో బార్ మీదున్న బాల్ (కప్లర్ కూర్చునే గుండు) మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ఉండాలి. తక్కువైతే తోక ఊగుతుంది. మరీ ఎక్కువైతే కారు వెనక కుంగి ముందు చక్రాల పట్టు తగ్గుతుంది.

అక్కణ్నుంచి నలభై వేగంలోనే విజయనగరంలో మా అత్తగారింటికి వెళ్లి, బాత్రూములో బరువు చూసుకునే మిషను తెచ్చి, దాని మీద ఇటుకలు పేర్చి మిషను ముల్లు మళ్లీ సున్నాకు తిప్పి, కప్లర్‌ను బాల్ ఎత్తుకు సరిగ్గా వచ్చేలా ఇటుకల మీద దించాం. "బావా, మిషను పగిలిపోద్దేమో" అని మా బావమరిది భయపడ్డాడు గానీ ముల్లు 38 దగ్గరే ఆగింది. 810 కిలోల ట్రైలర్‌కు 38 అంటే ఐదు శాతం కూడా లేదు. వెనక ట్యాంకులో నీళ్లన్నీ వదిలేశాం, వెనక అల్మారాలో ఉన్న చాపలు, బియ్యం, గిన్నెలు తెచ్చి ముందు పడక కింద పెట్టాం. ముల్లు 86కి వచ్చింది. అంతే, ఇంకేమీ మార్చలేదు. భీమిలి దాకా, తిరిగి వచ్చేటప్పుడు సాలూరు దాకా లారీలు ఎన్ని దాటినా ట్రైలర్ కారు వెనకాలే తిన్నగా వచ్చింది. నేనూ అరవై దాటలేదు. ఈ 86 కిలోలు కారు మోసే బరువులోనే లెక్క, వెనక సీట్లో ఇంకో పెద్దమనిషి కూర్చున్నట్టే, కాబట్టి డిక్కీలో సామాను ఆ మేరకు తగ్గించాలి.

అద్దెకు ఇచ్చినాయన మీద నాకు కోపం ఉంది, దాచుకోను. ట్యాంకు నింపి బయల్దేరండి అని చెప్పింది ఆయనే. అంతకంటే పెద్ద విషయం టైర్లు. విజయనగరంలో గాలి చూపిస్తుంటే పంక్చర్ షాపు కుర్రాడు టైరు పక్కన అంకెలు చూపించాడు: 1117. అంటే 2017లో పదకొండో వారంలో తయారైంది. పైన గాడులు కొత్తగానే ఉన్నాయి, పక్కలు మాత్రం సన్నగా పగుళ్లు విచ్చి ఉన్నాయి. ట్రైలర్ ఎక్కువగా నిలబడి ఉండే బండి కాబట్టి టైరు అరగకుండానే ముసలిదవుతుంది. పైగా కుడి వైపు బ్రేకు లైటు వెలగడం లేదు, ట్రైలర్ లైట్లకు కారు నుంచి కరెంటు ఇచ్చే ఏడు పిన్నుల సాకెట్‌లో ఒక తీగ వదులైంది. అది నేను బయల్దేరే ముందే చూసుకోవలసింది. ఒకరు బ్రేకు నొక్కి ఇంకొకరు వెనక నిలబడి చూస్తే రెండు నిమిషాల పని.

రివర్స్ గురించి ఒక్క మాట. ట్రైలర్ తోక ఎడమకు వెళ్లాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి, ఇది మెదడుకు ఎక్కడానికి సమయం పడుతుంది. స్టీరింగ్ కింది భాగం పట్టుకోండి, ట్రైలర్ ఎటు వెళ్లాలో చెయ్యి అటు జరపండి, సరిపోతుంది. ఖాళీ మైదానంలో ఒక సాయంత్రం సాధన చెయ్యకుండా ఇంటి ముందు సందులో ప్రయత్నించకండి. దేవమాలి కొండ పైకి కూడా లాక్కెళ్దామని అనుకునేవాళ్లు ట్రైలర్ కింద వదిలి కారుతో వెళ్లండి, ఆ మలుపుల్లో దీన్ని తిప్పడం అయ్యే పని కాదు.

తిరిగి వచ్చేటప్పుడు సుంకి ఘాట్ రెండో గేరులో ఎక్కించాను, ఇంజన్ వేడి ముల్లు మధ్య గీత దాటలేదు. బండికి నా మార్కులు పూర్తిగా ఇస్తాను. ట్రైలర్‌కు పడకలు, వంట గట్టు, కిటికీలు అన్నీ బాగున్నాయి కాబట్టి సగం ఇస్తాను. మిగతా సగం టైర్లు మార్చాకే. అద్దెకు ఇచ్చినాయనకు టైర్ల ఫొటోలు పంపి అదే చెప్పాను, సంక్రాంతిలోపు మారుస్తానన్నాడు. మార్చినట్టు తయారీ అంకెలు కనిపించే ఫొటో పంపిస్తే మళ్లీ తీసుకుంటాను, ఈసారి గుప్తేశ్వరం వైపు.