విశాఖలో "బడ్జెట్ గేర్ ప్యాకేజీ" పేరుతో మోసం: పాత్ ఆఫ్ ఎగ్జైల్ ఆడేవారికి జాగ్రత్త హెచ్చరిక

విశాఖపట్నంలో పాత్ ఆఫ్ ఎగ్జైల్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆడేవారికి, ముఖ్యంగా తక్కువ డబ్బుతో తమ క్యారెక్టర్‌కు మంచి గేర్ (ఆయుధాలు, కవచాల వంటి సామగ్రి) సమకూర్చుకోవాలని చూస్తున్న విద్యార్థులకు ఈ హెచ్చరిక. నగరంలోని గేమింగ్ గ్రూపుల్లో ఒక వ్యక్తి "బడ్జెట్ గేర్ ప్యాకేజీ" అంటూ ప్రకటనలు పెట్టి, యూపీఐ ద్వారా డబ్బు తీసుకుని, చెప్పిన సరుకు ఇవ్వకుండా తప్పించుకుంటున్నాడు. మా తమ్ముడు అతడికి రెండు విడతలుగా మొత్తం 2,400 రూపాయలు చెల్లించాడు. వారిద్దరి మధ్య నడిచిన సంభాషణను, చెల్లింపుల వివరాలను, ఆటలోని స్క్రీన్‌షాట్లను స్వయంగా చూసిన తరువాతే ఇది రాస్తున్నాను. అతడు వాడే పేర్లు, నంబర్లు తరచూ మారుతున్నాయి. మారనిది పద్ధతి ఒక్కటే కాబట్టి దానినే వివరంగా చెబుతాను.

ఈ ఆట తెలిసినవారికి కొత్త సంగతి కాకపోయినా, అతడు ఎర ఎక్కడ వేశాడో అర్థం కావాలంటే ఒక విషయం చెప్పుకోవాలి. ఆట కథలోని ఐదో యాక్ట్ (అంకం) చివర ఒకసారి, పదో యాక్ట్ చివర మరొకసారి కిటావా అనే శత్రువును ఓడించాక అన్ని రెసిస్టెన్సులూ (దెబ్బలను తట్టుకునే శక్తులు) 30 శాతం చొప్పున, మొత్తం 60 శాతం తగ్గిపోతాయి. ఫైర్, కోల్డ్, లైట్నింగ్ రెసిస్టెన్సులను వాటి మామూలు పరిమితి అయిన 75 శాతానికి తిరిగి తెచ్చుకోకుండా, కథ ముగిశాక ఆడే మ్యాపుల్లో అడుగుపెట్టిన క్యారెక్టర్ పదే పదే చస్తుంది, చచ్చిన ప్రతిసారీ ఆ లెవెల్‌కు కావలసిన ఎక్స్‌పీరియన్స్‌లో 10 శాతం పోగొట్టుకుంటుంది. సరిగ్గా ఈ దశలో విసిగిపోయి గ్రూపులో సలహా అడిగిన వారికే ఇతడు విడిగా సందేశం పంపుతాడు. మా తమ్ముడికి వచ్చిన మొదటి సందేశం "గురూ, మనం ఒకే ఊరోళ్ళం, నీ దగ్గర లాభం చూసుకోను" అని మొదలైంది. కావాలంటే కాంప్లెక్స్ దగ్గరో, జగదాంబ దగ్గరో కలుద్దామని కూడా అన్నాడు కానీ, కలుద్దామన్న రోజు ఏదీ రాలేదు.

ప్యాకేజీలో రెండు భాగాలు ఉన్నాయి. 1,000 రూపాయల అడ్వాన్సుకు హెల్మెట్, బూట్లు, గ్లోవ్స్, రెండు ఉంగరాలు. మిగిలిన 1,400 రూపాయలకు ఆరు సాకెట్లూ (జెమ్‌లు పొదిగే గుంతలు) ఒకదానికొకటి లింకైన బాడీ ఆర్మర్, దానితోపాటు ఆటలో డబ్బులా చెల్లే డివైన్ ఆర్బులు కొన్ని. మొదటి భాగాన్ని అతడు మాట ప్రకారమే అందించాడు, నమ్మకం కుదిరింది కూడా అక్కడే. అయితే ఆ వస్తువుల విలువ ఎంతో చూస్తే కథ వేరుగా ఉంది. "అరుదైన యూనిక్" (సొంత పేరు, ప్రత్యేక గుణాలు ఉన్న వస్తువు) అని ఇచ్చిన హెల్మెట్ పేరు గోల్డ్‌రిమ్. మూడు ఎలిమెంటల్ రెసిస్టెన్సులనూ ఒకేసారి 30 నుంచి 40 శాతం వరకు పెంచే మంచి వస్తువే, ఎవరైనా నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. కానీ అది లెవెలింగ్ (క్యారెక్టర్ లెవెల్ పెంచుకునే) సమయంలో వాడుకునే చవక హెల్మెట్, ఆటలోనే అతి స్వల్పమైన ధరకు దొరుకుతుంది. ఉంగరాలు, బూట్లు కూడా లైఫ్, రెండేసి రెసిస్టెన్సులు ఉన్న, 'రేర్' అనే తరగతికి చెందిన మామూలు వస్తువులు, ఒకటి రెండు కేయాస్ ఆర్బులు (ఆటలోని మరో కరెన్సీ) పెడితే ట్రేడ్ సైట్‌లో (ఆటగాళ్ళు వస్తువులు అమ్మకానికి పెట్టే వెబ్‌సైట్‌లో) వందల కొద్దీ కనిపించే రకం. అంటే ఆ వెయ్యి రూపాయలకు అతడు ఖర్చు చేసింది, కాస్త ఆడేవాడు ఒక సాయంత్రంలో సంపాదించగలిగినంత.

రెండో భాగంలోనే అసలు మోసం ఉంది. బాడీ ఆర్మర్ ఇచ్చేటప్పుడు ట్రేడ్ విండోలో (ఇద్దరు ఆటగాళ్ళు వస్తువులు మార్చుకునే తెరలో) మొదట ఆరు లింకుల వస్తువునే పెట్టాడు. మా తమ్ముడు దానిని చూసి సరేననుకున్న తరువాత, లాగ్ వచ్చిందంటూ ట్రేడ్ రద్దు చేసి, మళ్ళీ తెరిచి, పైకి అచ్చం అలాగే కనిపించే మరో ఆర్మర్‌ను పెట్టాడు. అందులో ఆరు సాకెట్లు ఉన్నాయి కానీ లింకైనవి ఐదే. ఆరు లింకులుంటే ప్రధాన స్కిల్ జెమ్‌కు (దాడి వంటి నైపుణ్యం ఇచ్చే రాయికి) దాని బలం పెంచే ఐదు సపోర్ట్ జెమ్‌లు పని చేస్తాయి, ఐదు లింకులైతే నాలుగే పని చేస్తాయి. డ్యామేజ్‌లో ఈ తేడా ఆటగాడికి వెంటనే తెలిసిపోతుంది, ధరలోనైతే చెప్పనక్కరలేదు. పూర్ణా మార్కెట్‌లో ఏరిన కాయలు ఒకటైతే ఇంటికి వచ్చాక సంచిలో తేలినవి ఇంకొకటి అన్నట్టు ఉంది వ్యవహారం.

నిజానికి ఆట ఇందుకు తగిన జాగ్రత్త ఏర్పాటు చేసే ఉంచింది. అవతలివారు పెట్టిన ప్రతి వస్తువుపైనా మౌస్ ఉంచి చూస్తే తప్ప అంగీకరించే బటన్ పని చేయదు, మధ్యలో ఎవరు ఏది మార్చినా అంగీకారం రద్దవుతుంది. వస్తువుకు వస్తువు ఇచ్చి పుచ్చుకునేవారికి ఇది గట్టి రక్షణ, ఎందుకంటే తేడా కనిపించగానే తన ఆర్బులు వెనక్కి తీసుకుని వెళ్ళిపోవచ్చు. ఆట బయట డబ్బు ముందే చెల్లించేసిన వాడికి మాత్రం ఆ విండోలో వెనక్కి తీసుకోవడానికి ఏమీ ఉండదు. అవతలివాడు ఏది పెడితే దానిని తీసుకోవాలి, లేదా ఖాళీ చేతులతో మిగలాలి. ఇతడి వ్యాపారమంతా ఈ ఒక్క లోటు మీద నిలబడి ఉందని నా అభిప్రాయం.

డివైన్ ఆర్బుల సంగతి ఇంకా విచిత్రం. మిగిలిన డబ్బు అడిగేటప్పుడు అతడు తన స్టాష్ (ఆటలో వస్తువులు దాచుకునే పెట్టె) స్క్రీన్‌షాట్ పంపాడు, అందులో ఆర్బులు నిజంగానే ఉన్నాయి. కానీ అవి ఎప్పటికీ నడిచే స్టాండర్డ్ లీగ్‌లోనివి. ఈ ఆటలో దాదాపు మూడు నాలుగు నెలలకొకసారి కొత్త లీగ్ మొదలై ఆర్థిక వ్యవస్థ సున్నా నుంచి తిరిగి ప్రారంభమవుతుంది; లీగ్ ముగిశాక క్యారెక్టర్లు, వస్తువులు స్టాండర్డ్‌కు చేరతాయి తప్ప, స్టాండర్డ్ నుంచి నడుస్తున్న లీగ్‌లోకి ఒక్క ఆర్బును కూడా తీసుకురాలేము. కొత్త లీగ్‌లో ఆడుతున్న మా తమ్ముడికి ఆ ఆర్బులు చూడడానికే తప్ప వాడడానికి పనికిరావు. ఈ మాట అడిగితే "స్టాండర్డ్‌లో ఇంకో క్యారెక్టర్ చేసుకో, అక్కడిస్తాను" అని జవాబు వచ్చింది. డబ్బు తిరిగి ఇవ్వమన్నాక ఒక క్యూఆర్ కోడ్ పంపి, దానిని స్కాన్ చేసి పిన్ నొక్కితే రీఫండ్ జమ అవుతుందన్నాడు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం ఎప్పుడూ ఉండదు, పిన్ అడిగిందంటే మన ఖాతా నుంచి పోతున్నదనే అర్థం. మావాడు అక్కడ ఆగాడు కాబట్టి నష్టం 2,400తో ఆగింది. గ్రూపులో ఇదే అనుభవం ఎదురైన మరొక అబ్బాయికి ధరలు చూసే సాధనం అంటూ ఇన్‌స్టాల్ చేసుకునే ఫైల్ ఒకటి పంపాడట. అటువంటిది ఎవరికి వచ్చినా తెరవకుండా తొలగించడం మంచిది.

ఇన్ని జరిగినా అతడు ధైర్యంగా ప్రకటనలు ఎలా పెడుతున్నాడన్న ప్రశ్న సహజం. అసలు డబ్బు ఇచ్చి ఆటలోని వస్తువులు, ఆర్బులు, అకౌంట్లు కొనడం అమ్మడం, ఆటను తయారు చేసిన న్యూజిలాండ్ సంస్థ గ్రైండింగ్ గియర్ గేమ్స్ నిబంధనలకు విరుద్ధం. అటువంటి లావాదేవీ బయటపడితే కొన్నవారి అకౌంట్ కూడా రద్దయ్యే అవకాశం ఉంది. అందువల్ల మోసపోయినవారు ఆట సంస్థకు చెప్పడానికి వెనుకాడతారు, మొత్తం చిన్నది కాబట్టి పోలీసుల దాకా వెళ్ళరు, ఇంట్లో తిడతారని తల్లిదండ్రులకూ చెప్పరు. ఈ మౌనం అతడికి బాగా తెలుసు. ధరను కూడా ఫిర్యాదుకు బద్ధకించే స్థాయిలోనే ఉంచుతున్నాడు. అదే గ్రూపుల్లో కనిపించే "లెవెల్ 90 అకౌంట్ అమ్మకానికి" అన్న ప్రకటనలకు కూడా దూరంగా ఉండండి. మొదట ఏ ఈమెయిల్‌తో అకౌంట్ తెరిచారో ఆ ఈమెయిల్ చేతిలో ఉన్నవాడు దానిని తరువాత తిరిగి లాక్కోవచ్చు.

ఇక తక్కువ ఖర్చుతో గేర్ కావాలనుకునే అవసరం నిజమైనదే కాబట్టి, అది అతడు లేకుండానే ఎలా తీరుతుందో కొంత చెప్పడం న్యాయం. ఆర్బులను ఆర్బులతో మార్చుకోవడానికి 2024 జూలైలో వచ్చిన 3.25 వెర్షన్ నుంచి ఆటలోనే కరెన్సీ ఎక్స్‌ఛేంజ్ ఉంది, అక్కడ ఎదుటి మనిషితో మాట్లాడే పనే లేదు. 2025లో వస్తువుల అమ్మకానికి కూడా అటువంటి సౌకర్యం వచ్చింది. అమ్మే వ్యక్తి ఆన్‌లైన్‌లో లేకపోయినా అతడు ధర పెట్టి ఉంచిన వస్తువునే నేరుగా కొనుక్కోవచ్చు, కాబట్టి పైన చెప్పిన మార్పిడి మోసానికి అక్కడ చోటు లేదు. ట్రేడ్ సైట్‌లో వెతికేటప్పుడు వస్తువు పేరుతో కాకుండా, లైఫ్ ఇంత, మొత్తం ఎలిమెంటల్ రెసిస్టెన్స్ ఇంత అని కనీస అంకెలు పెట్టి వెతికితే, అందమైన పేరు లేని చవక వస్తువులు బయటపడతాయి. అన్నిటికన్నా తక్కువ ధరతో పైన కనిపించే రెండు మూడింటిని నమ్మి, మీ వస్తువుకు అదే ధర పెట్టకండి. అమ్మే ఉద్దేశం లేకుండా తక్కువ ధర చూపి, దానిని నమ్మిన కొత్తవారి వస్తువులను చవగ్గా కొనేసేవారు ఈ ఆటలో చాలాకాలంగా ఉన్నారు.

గేర్ ఎంచుకునేటప్పుడు ముందు మూడు రెసిస్టెన్సులు 75కు చేరాలి, తరువాత వీలైనన్ని వస్తువులపై లైఫ్ ఉండాలి, ఆయుధం సంగతి ఆ పైన. ఒక వస్తువులో ఇంకో గుణం చేర్చే ఖాళీ ఉంటే క్రాఫ్టింగ్ బెంచ్ దగ్గర కావలసిన రెసిస్టెన్స్‌ను కొద్ది ఖర్చుతో చేర్చుకోవచ్చు, కాబట్టి అన్నీ అమరిన ఉంగరం కోసం పది రెట్లు పెట్టనవసరం లేదు. ఆరు లింకుల తొందర ఉన్నవారికి టాబులా రాసా అనే యూనిక్ ఉంది. రక్షణ ఏమీ ఇవ్వదు, కానీ ఆరు తెల్ల సాకెట్లు లింకై ఉంటాయి కనుక ఏ రంగు జెమ్ అయినా ఇముడుతుంది. మంచి బాడీ ఆర్మర్ కొనే స్తోమత వచ్చేవరకు దానితో నడిపించవచ్చు. నిజంగా రూపాయలే ఖర్చు పెట్టదలిస్తే ఆట సంస్థ అమ్మే స్టాష్ ట్యాబ్‌ల (స్టాష్‌లోని అదనపు అరల) మీద పెట్టండి. వాటిని కొనడానికి వాడే పాయింట్లు అధికారికంగా పదికి ఒక డాలరు లెక్క, ట్యాబ్‌లపై తగ్గింపు అమ్మకాలు తరచూ వస్తుంటాయి, కొన్న ట్యాబ్ ఎన్ని లీగ్‌లు మారినా మీదే. అతడికి ఇచ్చిన 2,400తో మావాడికి ఇప్పటికి కరెన్సీ ట్యాబ్ ఉండేది, దానిపైన ఇంకొన్ని కూడా వచ్చేవి.

ఇప్పటికే అతడికి డబ్బు ఇచ్చినవారు వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును అవతలి ఖాతాలో నిలిపివేయడానికి అంత అవకాశం ఉంటుంది. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు దగ్గర కనిపించే 12 అంకెల రిఫరెన్స్ నంబరు, డబ్బు వెళ్ళిన యూపీఐ ఐడీ, సంభాషణ స్క్రీన్‌షాట్లు దగ్గర ఉంచుకోండి; అతడు తన వైపు సందేశాలను తొలగిస్తున్నాడు కాబట్టి స్క్రీన్‌షాట్లను ముందే తీసి పెట్టుకోవడం అవసరం. మా తమ్ముడి ఫిర్యాదు నమోదైంది. ఈ లోగా అదే ప్రకటన, అదే స్టాష్ బొమ్మతో, ధర మాత్రం 1,999కి తగ్గి, మధురవాడ వైపు కాలేజీ విద్యార్థుల గ్రూపులో మళ్ళీ కనిపించింది.