టార్గెట్ వెయిట్ వచ్చాక తీసుకున్న మెయింటెనెన్స్ ప్లాన్: డబ్బులకి తగ్గట్టుందా?

ముందే చెప్పేస్తా. ఫోన్‌లో మాట్లాడే డైటీషియన్‌కి ఐదుకి నాలుగున్నర, యాప్‌కి ఒకటిన్నర, మూడు నెలలకి 6,500 రూపాయలు తీసుకున్నందుకు రెండు. సర్వీసు పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను వాకబు చేసినంతలో ఇలాంటి ఆన్‌లైన్ డైట్ సర్వీసులన్నీ కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉన్నాయి. తగ్గించేటప్పుడు చేసే హడావిడి తగ్గాక కనిపించదు.

నా ఎత్తు 160 సెంటీమీటర్లు, 74 కిలోల నుంచి 62కి వచ్చాను. తగ్గినన్నాళ్లూ చార్టు ఉంది, అందులో ఉన్నది తిన్నాను, అయిపోయింది. 62 వచ్చాక ఏం చేయాలన్నదే ఎవరూ చెప్పరు. అదే చార్టు జన్మంతా తింటూ కూర్చోవాలా? మామూలు తిండికి వచ్చేస్తే పోయిన కిలోలు వడ్డీతో సహా తిరిగొస్తాయి. మా ఆఫీసులోనే ఒకాయన కొబ్బరినూనె డైట్ చేసి సగమయ్యాడు, అది ఆపేసిన ఏడాదికి ముందుకంటే లావయ్యాడు. ఆయన్ని రోజూ లంచ్‌లో చూస్తూ ఉండబట్టే ఈ ప్లాన్ కొన్నాను.

డైటీషియన్ అమ్మాయి మొదటి కాల్‌లోనే నచ్చింది. యాప్ ఏదో ఫార్ములా వేసి నాకు రోజుకి 1,950 కేలరీలు కావాలంది. ఈ అమ్మాయేమో "దాన్ని పక్కన పెట్టండి మేడమ్, మీ లెక్క మీ దగ్గరే ఉంది" అని నా చివరి నెల రికార్డు తీసింది. ఆ నెలంతా రోజుకి 1,400 చొప్పున తిని కిలోన్నర తగ్గాను. కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు, కిలోన్నరకి 11,550, ముప్పై రోజులకి పంచితే రోజుకి 385. అది 1,400కి కలిపితే 1,785, అంటే నేను పెరగకుండా తగ్గకుండా ఉండే చోటు దాదాపు అక్కడ. యాప్ చెప్పిన దానికీ దీనికీ తేడా 165, గుప్పెడు వేరుశెనగ గుళ్లంత. రోజూ ఆ గుప్పెడు అదనంగా పడితే నెలకి అరకిలో పైనే. బరువు తగ్గిన ఒంటికి ఖర్చు, కొత్త బరువుకి లెక్కేసిన దానికంటే ఇంకాస్త తగ్గుతుంది కాబట్టి ఫార్ములాలు ఇలా ఎక్కువ చూపించొచ్చట. ఈ ఒక్క లెక్కకే నా డబ్బుల్లో సగం వచ్చేసినట్టు అనుకున్నాను.

ఇక 1,400 నుంచి అక్కడికి ఒక్కసారే ఎగరకుండా వారానికి 100 చొప్పున పెంచమంది. మొదటి వారం రాత్రి పూట అర కప్పు అన్నం కలపమంది. "ఏ కప్పు అండీ? మా ఇంట్లో పెరుగు గిన్నెని కూడా కప్పే అంటాం" అన్నాను. నవ్వి, కప్పులు వదిలేయండి, వండిన అన్నం 75 గ్రాములు, ఫోటో పంపండి అంది. పంపాను. రెండు నిమిషాల్లో మెసేజ్: "ఇది 75 ఉండదు మేడమ్, 120 దగ్గరుంది." వంటింటి కాటా మీద పెడితే 118! ఫోటో చూసి అంత దగ్గరగా చెప్పిందంటే ఎన్ని వేల కంచాలు చూసుంటుందో. నెయ్యి విషయంలోనూ అంతే, స్పూన్ అంటే పోపుల డబ్బాలో ఉండే గరిటె కాదు, మందు సీసాతో వచ్చే 5 మిల్లీలీటర్ల కొలత. అలా వారానికొకటి చొప్పున ముద్దపప్పులోకి నెయ్యి, పొద్దున ఇంకో ఇడ్లీ, సాయంత్రం కాసిని వేరుశెనగ గుళ్లు తిరిగొచ్చాయి. మా అమ్మ మాత్రం వీడియో కాల్‌లో "చిక్కి సగమైపోయావు, ఆ గ్రాముల తిండేంటే" అని ఒకటే గొడవ.

అన్నం పెంచిన వారమే బరువు 800 గ్రాములు పెరిగింది. నాకు టెన్షన్. ఆ అమ్మాయి తాపీగా చెప్పింది, పిండి పదార్థం తగ్గించినప్పుడు కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే చక్కెర పదార్థం ఖాళీ అవుతుంది, మళ్లీ తినగానే నిండుతుంది, ప్రతి గ్రాముకీ దాదాపు మూడు గ్రాముల నీళ్లు వెంటబెట్టుకుని మరీ వస్తుంది, అదంతా కొవ్వు కాదని. చాలామంది సరిగ్గా ఇక్కడే భయపడి మళ్లీ కడుపు మాడ్చుకుంటారట, నాలుగు రోజులయ్యాక ఓర్చుకోలేక బిర్యానీ మీద పడతారట. నెలసరి ముందు కూడా ఇలాగే కిలో దాకా ఊగుతుంది కాబట్టి ఏ రోజు అంకె ఆ రోజు చూడొద్దు, వారం సగటు చూడమంది. 62 అనే ఒక్క అంకె తీసేసి 61 నుంచి 63.5 దాకా అని హద్దు పెట్టింది. వారం సగటు 63.5 దాటితే రాత్రి భోజనానికి మాత్రం పాత చార్టు, హద్దులోకి రాగానే మళ్లీ మామూలు. శ్రావణమాసం పేరంటాలు, రెండు పెళ్లిళ్లు, వాటి పులిహోర, బూరెలు అన్నీ ఈ పద్ధతిలోనే దాటాను.

ఇప్పుడు యాప్ సంగతి. "తగ్గాలి" అని తప్ప "ఇలాగే ఉండాలి" అనే ఆప్షనే లేదు దాంట్లో. మెయింటెనెన్స్ ప్లాన్‌కి డబ్బులు కట్టించుకున్నాక కూడా! టార్గెట్ 62 కొట్టగానే స్క్రీన్ నిండా పూలవాన కురిపించి, మర్నాటికి దానంతటదే కొత్త టార్గెట్ 58.8 పెట్టేసింది. భారతీయులకి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 23 దాటితే అధిక బరువు కిందే లెక్క, నాది 24.2, అందుకని. లెక్క ప్రకారం అది తప్పనను. కానీ నా నడుము 78 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి హద్దు 80, షుగర్ రిపోర్టు బాగుంది, ప్రస్తుతానికి ఇక్కడ నిలబడడమే ముఖ్యమని వాళ్ల డైటీషియనే చెప్తుంటే వాళ్ల యాప్ రోజూ పొద్దున్నే "ఇంకా 3.2 కిలోలే!" అని పొడుస్తుంది. 300 గ్రాములు పెరిగితే ఎర్ర బాణం. పైగా అందులో గోంగూర పచ్చడి లేదు, సర్వపిండి లేదు, పప్పుచారు అని వెతికితే లెంటిల్ సూప్ వస్తుంది. వీళ్ల ఆఫీసు హైదరాబాద్‌లోనేనట, చెప్పుకుంటే సిగ్గుచేటు.

ఇంకో ఫిర్యాదు. ఆకలి గురించి వాళ్ల బ్రోచర్‌లో ఒక్క ముక్క లేదు. బరువు తగ్గినవాళ్లలో ఆకలి పెంచే గ్రెలిన్ అనే హార్మోన్ పెరిగి, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గి, ఏడాది తర్వాత కూడా అవి పూర్తిగా పాత స్థితికి రాలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. ఈ మాట మొదట్లోనే చెప్తే రాత్రి పదింటికి వంటింట్లో తిరుగుతున్నది నా బలహీనత వల్ల కాదని తెలిసేది. నేను అడిగాకే డైటీషియన్ చెప్పింది, చెప్పి రాత్రి తిండిలో పెసలు, గుడ్డు, పెరుగు పెంచింది. కొంత తగ్గింది, మొత్తం పోలేదు.

మూడు నెలలు అవసరమా అంటే నాకైతే అనిపించలేదు. పెంచడం మొదటి నెలలోనే అయిపోయింది, రెండో నెల హద్దులో ఉండడం అలవాటైంది, మూడో నెల కాల్స్‌లో మేం ఎక్కువగా వంటల గురించే మాట్లాడుకున్నాం. ప్లేటులో ఏది ఎంత ఉండాలో తెలియాలంటే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి. ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించొద్దని అందులో ఉంది, మన అన్నం కంచాలకి అది పెద్ద మార్పే. డైటీషియన్ ప్లేటు కూడా ఇంచుమించు అదే.

ప్లాన్ అయిపోయే ముందు సేల్స్ వాళ్లు ఫోన్ చేసి ఏడాదికి కడితే సగం ధర అన్నారు. వద్దన్నాను. నెలకొక కాల్ మాత్రం విడిగా ఇస్తారా అని అడిగితే ముందు లేదని, మర్నాడు 700కి ఇస్తామని చెప్పారు, అది తీసుకున్నాను. మీరు తీసుకునేటట్టయితే మొదట్లోనే ఆ నెలవారీ కాల్ ధర అడగండి, వెబ్‌సైట్‌లో పెట్టరు. డైటీషియన్‌ని మధ్యలో మార్చబోమని కూడా రాసివ్వమనండి.