పయొనీర్ 12 అంగుళాల సబ్‌వూఫర్ ఏళ్ల తరబడి వాడాక, వైరింగ్‌తో సహా

మా స్విఫ్ట్ డిక్కీలో పయొనీర్ టీఎస్-డబ్ల్యూ312డీ4 సబ్‌వూఫర్, అంటే బాస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్, క్లోజ్డ్ బాక్స్‌లో పెట్టించి చాలా ఏళ్లయింది, ఇప్పటికీ డప్పు దెబ్బ పడితే గుండెల్లో తెలుస్తుంది. అందరూ అట్టపెట్టె మీద 1600 వాట్స్ చూసి కొంటారు గానీ అది మ్యాక్స్, నిలకడగా తట్టుకునేది 500. నన్నడిగితే దానికన్నా ముందు చూడాల్సింది పేరు చివరున్న డీ4, అంటే లోపల రెండు కాయిల్స్ (స్పీకర్‌ని కదిపే రాగి తీగ చుట్లు), ఒక్కోటి 4 ఓమ్స్ (కరెంట్‌ని అడ్డుకునే రెసిస్టెన్స్ కొలత). ఎస్4 అని ఉంటే 4 ఓమ్స్‌ది ఒకటే కాయిల్.

ఆ రెండు కాయిల్స్‌నీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపితే 8 ఓమ్స్, ప్యారలల్‌లో, అంటే ప్లస్‌లు ఒకచోట మైనస్‌లు ఒకచోట కలిపితే 2. నా మోనోబ్లాక్ ఆంప్ (ఒకే ఛానెల్ ఉన్న యాంప్లిఫయర్) 2 ఓమ్స్ దాకా తట్టుకుంటుంది కాబట్టి ప్యారలల్ పెట్టించా. ఓమ్స్ తగ్గేకొద్దీ కరెంట్ ఎక్కువ లాగుతుంది, అదే 20 వోల్టులకి 4 ఓమ్స్ అయితే 5 ఆంపియర్లు 100 వాట్స్, 2 ఓమ్స్ అయితే 10 ఆంపియర్లు 200 వాట్స్, ఆ బరువంతా ఆంపే మోయాలి. షాపుల్లో "ఇంకోటి వేసేద్దాం అన్నా" అంటారు, రెండో సబ్ వేయించుకోవచ్చు, కానీ నాలుగు కాయిల్సూ ప్యారలల్ చేస్తే 1 ఓమ్‌కి పడిపోతుంది, ఇలాంటి ఆంప్ ప్రొటెక్ట్‌లోకి పోతుంది (తనని కాపాడుకోడానికి తనే ఆగిపోతుంది) లేదా కాలిపోతుంది. ఒక్కో సబ్‌ని విడిగా సిరీస్ చేసి ఆ రెండిటినీ ప్యారలల్ చేస్తే 4 వస్తుంది, అలా చెయ్యమనండి.

ఆంప్‌కి తగిలించేముందు మల్టీమీటర్ పెట్టి చూడండి. ముందు మీటర్ వైర్లు రెండూ ఒకదానికొకటి ఆనించి, 0.2 చూపిస్తే దాన్ని రీడింగ్‌లోంచి తీసెయ్యాలి. 4 ఓమ్స్ కాయిల్ మూడున్నర దగ్గర చూపిస్తే కంగారు పడొద్దు, మీటర్ చూసేది డీసీ రెసిస్టెన్స్, స్పీకర్ మీద రాసేది పాట వచ్చేటప్పటి లెక్క.

ఇక వైర్. కాపర్ పూత పూసిన అల్యూమినియం వైర్ చవగ్గా దొరుకుతుంది, కానీ అదే సైజు కాపర్‌కన్నా దాని రెసిస్టెన్స్ దాదాపు ఒకటిన్నర రెట్లు, కొన కోసి చూస్తే తెల్లగా ఉంటుంది. ఎర్త్ దగ్గరైతే, అంటే ఆంప్ మైనస్ వైర్ కారు బాడీకి కలిపేచోట, ఇంకా జాగ్రత్త, పెయింట్ గీకి ఉత్త ఇనుముకి బిగించాలి, ఎందుకంటే అక్కడ 0.01 ఓమ్ ఉన్నా 50 ఆంపియర్లు పారేటప్పుడు అర వోల్టు పోతుంది. పాట దంచుతున్నప్పుడు బ్యాటరీ దగ్గరా ఆంప్ దగ్గరా వోల్టులు కొలిస్తే ఆ తేడా మీకే కనిపిస్తుంది. ఫ్యూజ్ బ్యాటరీ నుంచి అడుగున్నర లోపే ఉండాలి, ఇందులో బేరం లేదు.

ఎండాకాలం హైదరాబాద్ నుంచి విజయవాడ గట్టిగా పెట్టుకుని వెళ్తే సూర్యాపేట దాటేసరికి బాస్ కాస్త మెత్తబడుతుంది, సబ్ పాడైందేమో అనుకోకండి. కాయిల్ వేడెక్కితే రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి 0.4 శాతం దాకా పెరుగుతుంది, అంటే 100 డిగ్రీలు పెరిగితే ఆ మూడున్నర ఓమ్స్ ఐదు దగ్గరికి పోతుంది, ఆంప్ నుంచి లాగే పవర్ తగ్గుతుంది. కాసేపు సౌండ్ తగ్గిస్తే మళ్లీ మామూలే.

పాత టూ-ఛానెల్ ఆంప్‌ని బ్రిడ్జ్ చేసి, అంటే రెండు ఛానెల్స్‌నీ కలిపి ఒకటిగా వాడేవాళ్లు మాత్రం ఇది తీసుకోకండి. అలాంటివి ఎక్కువ శాతం బ్రిడ్జ్‌లో 4 ఓమ్స్ కంటే కిందికి దిగనివ్వవు, దీంతో మీకొచ్చేది 2 గానీ 8 గానీ, ఎస్4 తెచ్చుకోండి.