నాలుగేళ్లుగా ఏసీ ఏఎంసీ కడుతున్నా: నెల్లూరు ఉక్కపోతలో నా అనుభవం

మాది నెల్లూరు, వేదాయపాళెం. ఇంట్లో రెండు ఏసీలు, రెండూ ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్లే. వాటికీ గీజరుకీ కలిపి ఊళ్లోని ఒక సర్వీసు వాళ్లకి ఏఎంసీ (ఏడాది పొడుగునా సర్వీసు చేసే ఒప్పందం) కట్టడం ఇది నాలుగో ఏడు. మంచీ చెడూ రెండూ రాయబోతున్నా కాబట్టి పేరు చెప్పను.

ఏడాదికి మూడు సర్వీసులని కాయితం మీద రాసిచ్చారు. ఎప్పుడో రాయలేదు. మొదటి ఏడు మే నెలలో ఫోన్ చేస్తే "రేపు సార్" అంటూ 11 రోజులు తిప్పారు. రోహిణి కార్తెలో 11 రోజులంటే ఏందో నెల్లూరోళ్లకి చెప్పక్కర్లేదు. ఆ మరుసటేడు నుంచి తేదీలు నేనే పెడుతున్నా: ఫిబ్రవరి, జులై, డిసెంబరు ఆఖరు. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. ఆ మూణ్ణెల్లూ ఏసీ మూలపడితే కాయిల్‌కి బూజు పట్టి, స్విచ్ వేయగానే తడి గోనెసంచి వాసన. ఆపే ముందు అరగంట ఉత్త ఫ్యాన్ మీద తిప్పమని వాళ్ల మెకానిక్ పిల్లోడే చెప్పాడు. అప్పట్నుంచి వాసన తగ్గింది.

మన గాలిలో తేమకి ముందు దెబ్బతినేది డ్రెయిన్ పైపు. ఒక రాత్రికి బకెట్ నిండుద్ది. పైపులో పాచి పేరుకుంటే ఆ నీళ్లన్నీ మంచం మీదకే. "ఒరే, మీ ఏసీ మళ్లీ ఉచ్చపోసిందిరా" అని మా అమ్మ కేక. ఆ పిల్లోడు బ్లోయర్‌తో పైపు ఊది ఊరుకోలేదు. బిగించినప్పుడే పైపు మధ్యలో పైకి లేచి ఉందని కనిపెట్టి వాలు సరిచేశాడు. అంతకుముందు వచ్చినోళ్లెవరూ ఆ వంక చూడనేలేదు. నేను మానకుండా కడుతున్నానంటే వాడి వల్లే.

గొడవొచ్చింది గ్యాస్ దగ్గర. మూడో ఏడు ఇంకెవరో వచ్చి "గ్యాస్ తగ్గింది సార్, 3,000 అవుద్ది" అన్నాడు. ఏఎంసీలో గ్యాస్ రాదు. వాడితే అయిపోడానికి అదేమన్నా బండిలో పెట్రోలా? లీకుంటేనే తగ్గుద్ది. "ముందు లీకు చూపించబ్బయ్యా" అన్నా. సబ్బు నురగ పెడితే అవుట్‌డోర్ దగ్గర నట్టు జాయింట్లో బుడగలు. ఫ్లేర్ (నట్టులో కూర్చునే రాగి పైపు మూతి) కొత్తగా కొట్టించి, వాక్యూమ్ పెట్టించి (పైపుల్లో గాలీ తేమా లాగేయించి), ఆర్32 గ్యాస్ తూకం వేసి ఎక్కించమన్నా. మళ్లీ ఇప్పటిదాకా తగ్గలా. మా పక్కింటాయన మాత్రం లీకు చూపించుకోకుండా రెండుసార్లు నింపించుకున్నాడు, పాపం.

ఉప్పు గాలి మా దాకా అంతగా రాదు. మైపాడులో మా అక్కావాళ్ల అవుట్‌డోర్ రెక్కలు మాత్రం తెల్లగా పొడి రాలుతున్నాయి. నెలకోసారి మంచినీళ్లతో కడుక్కోమన్నారు.

గీజరుకి కట్టిన 600 దండగ. ఏడాదికి రెండు నెలలు వాడితే ఎక్కువ. ఆనోడ్ రాడ్ (ట్యాంకు తుప్పు పట్టకుండా తను కరిగిపోయే కడ్డీ) ఒక్కసారి మార్చారు, అదీ నేనడిగితేనే. బోరు నీళ్లకి అప్పటికే రాడ్ అంతా కరిగిపోయి తీగ మిగిలింది.

కంప్రెసర్, పీసీబీ (ఏసీని నడిపే సర్క్యూట్ బోర్డు) కూడా కలిపి ఏసీకి 4,500 ప్లాన్ తీసుకోమన్నారు. వద్దన్నా. ఈసారి గీజరు తీసేసి, ఏసీకి 1,800 చొప్పున రెండింటికే కట్టి, ఫిబ్రవరి తేదీ రసీదు మీద వాళ్ల చేతే రాయించుకున్నా.